తళతళలాడే గొట్టాన్నే ఎందుకు అనుమానించాలి?

ఒక తుపాకుల దుకాణంలో రెండు పాత డబుల్ బ్యారెల్ తుపాకులు ఉన్నాయనుకుందాం. రెండూ 12 బోర్. రెండూ ఇంగ్లండులో ఒకే కంపెనీ, దాదాపు ఒకే కాలంలో చేసినవి. మొదటిదాని గొట్టంలోంచి వెలుతురు వైపు చూస్తే లోపలంతా తళతళలాడుతోంది. రెండోదాని లోపలి గోడ మసకబారి, అక్కడక్కడా సన్నటి చుక్కలు పడి ఉంది. దుకాణదారు రెండింటికీ ఒకే ధర చెప్పాడు. లైసెన్సు చేతిలో ఉన్న మనిషి దేన్ని తీసుకోవాలి? చాలామంది చెయ్యి మొదటిదాని మీదకే పోతుంది. కొన్నిసార్లు ప్రాణం మీదకు తెచ్చేది కూడా అదే.

ఎందుకో తెలుసుకోవడానికి లంబసింగి మంచి చోటు. నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కితే, చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుందీ ఊరు. చలికాలం మంచు చూడవచ్చేవాళ్ళకు ఇది ఆంధ్రా కశ్మీర్. కొండవాలున చోళ్ళు, సామలు, కందులు వేసుకునే రైతుకు మాత్రం ఇది అడవిపందితో పంటను కాపాడుకోవలసిన నేల. చైత్రంలో వచ్చే ఇటుకల పండగకు మగవాళ్ళు వేటకు వెళ్ళడం ఇక్కడి పాత ఆచారం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ వేట నేరమైంది గానీ, తుపాకీ జ్ఞాపకం ఈ కొండల్లోంచి పోలేదు. పైగా ఇక్కడి గాలిలోని తేమ ఇనుముకు బద్ధశత్రువు.

సెకండ్‌హ్యాండ్ తుపాకీ ముఖ్యంగా రెండు కారణాలతో చవకవుతుంది. లోహంలో లోపం ఉంటే ఒకటి. అమ్మేవాడికి కాగితాల తొందర ఉంటే రెండోది. మొదటిది ముప్పు, రెండోది అసలైన బేరం. ధర చీటీ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూడడానికి కావలసింది కొంత భౌతికశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం, కొంత అర్థశాస్త్రం, చట్టంలోని నాలుగైదు సెక్షన్లు.

లంబసింగి చలి ఇనుమును ఏం చేస్తుంది

డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తనలోని వేడిని పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి కొండవాలు మీదుగా కిందికి జారి, చుట్టూ కొండలున్న పల్లంలో నిలుస్తుంది. దాని పైన కొంత వెచ్చటి గాలి పొర మూతలా పడుతుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చలి పెరగాలి, ఇక్కడ తెల్లవారుజామున అది తిరగబడుతుంది. లంబసింగి పల్లంలో పొగమంచు పొద్దెక్కేదాకా కదలకుండా ఉండడానికి ఇదే ప్రధాన కారణం.

ఆ చలిలో రాత్రంతా ఉన్న ఉక్కు గొట్టాన్ని పొయ్యి వెలుగుతున్న ఇంట్లోకి తెస్తే ఏమవుతుంది? ఇంట్లోని వెచ్చటి గాలిలో తేమ ఎక్కువ. చల్లటి ఉక్కు తగలగానే ఆ తేమ నీరై దాని మీద పేరుకుంటుంది. గొట్టం బయట పేరుకున్నది కనబడుతుంది, గుడ్డతో తుడుస్తాం. లోపల పేరుకున్నది కనబడదు.

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే కంటికి కనబడనంత పలచటి నీటి పొర ఉక్కు మీద ఏర్పడి తుప్పు వేగం పెరుగుతుంది. పొగమంచులో తేమ 100 శాతానికి దగ్గరగా ఉంటుంది. అంటే చలికాలం ఉదయాల్లో నూనె రాయని గొట్టం తుప్పుకు తలుపు తెరిచి ఉన్నట్టే. తోలు తొడుగులో పెట్టి అటక మీద దాచడం ఇంకా చేటు. తోలు తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది, అందులోని లవణాలు ఉక్కును తినడానికి తోడవుతాయి. పాత తుపాకీ చూడబోయినప్పుడు దాన్ని ఎక్కడ ఉంచారు, ఎందులో ఉంచారు అని ముందు అడగడం అందుకే. విశాఖ తీరాన ఉప్పుగాలి తగిలే ఇంట్లో పాతికేళ్ళు ఉన్న తుపాకీ, మైదానంలో పొడిగా ఉంచిన తుపాకీ ఒకే ఏడాది తయారైనా వయసులో ఒకటి కాదు.

మందు వదిలిపోయే ఉప్పు

తేమ ఒక్కటే అయితే గొట్టం అంతటా సమానంగా మసకబారేది. చుక్కలు చుక్కలుగా గుంటలు పడడానికి కారణం వేరు, అది తుపాకీ తన లోపల తానే తయారు చేసుకునే ఉప్పు.

పాతకాలపు నల్లమందు పేలినప్పుడు పూర్తిగా వాయువుగా మారదు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలి, పొగగా కొంత పోయి, మిగతాది మసిగా గొట్టానికి అంటుకుంటుంది. ఆ మసిలో పొటాషియం లవణాలుంటాయి, అవి గాలిలోని తేమను లాక్కుంటాయి. పొగరాని మందు వచ్చాక ఈ బాధ తగ్గిందిగానీ పోలేదు. తూటా అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమరులో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల దాకా పొటాషియం క్లోరేటు విరివిగా వాడేవారు. పేలాక అది పొటాషియం క్లోరైడుగా మారుతుంది. మన వంటింటి ఉప్పుకు రసాయనికంగా చాలా దగ్గరి చుట్టం అది. నూనె దాన్ని కరిగించలేదు, నీళ్ళే కరిగించాలి. వాడాక నూనె గుడ్డతో మాత్రమే తుడిచి సంతృప్తిపడ్డ యజమానుల తుపాకుల్లో ఆ ఉప్పు నూనె కిందే మిగిలిపోయింది.

ఒకసారి చిన్న గుంట పడ్డాక అది తనంతట తాను లోతవుతుంది. గుంట అడుగుకు ఆక్సిజన్ తక్కువగా అందుతుంది, చుట్టూ ఉన్న అంచుకు ఎక్కువగా అందుతుంది. ఒకే లోహం మీద ఈ తేడా చాలు, సూక్ష్మమైన విద్యుత్ ఘటం ఏర్పడి అడుగునున్న ఇనుము కరుగుతూ పోతుంది. పైన తుప్పు పొర మూత వేయడంతో లోపలి ఉప్పునీరు ఆరదు. బయటికి ఆవగింజంత కనబడే మచ్చ కింద ఎంత లోతుందో కంటితో చెప్పలేం.

గొట్టం ఎటు చీలుతుంది

గుంట పడితే భయమెందుకో తెలియాలంటే పేలుడు ఒత్తిడి గొట్టాన్ని ఎటు లాగుతుందో చూడాలి. అరకు, లంబసింగి దారుల్లో బొంగులో చికెన్ వండేవాళ్ళను అడగండి: మూతి మరీ బిగుతుగా కుక్కి నిప్పుల మీద పెడితే వెదురు ఎలా పగులుతుందని. అడ్డంగా రెండు ముక్కలు కాదు, నిలువునా చీలుతుంది. వెదురు పీచు నిలువుగా ఉండడం అందుకు ఒక కారణం. అయితే పీచే లేని ఉక్కు గొట్టం కూడా సాధారణంగా అలాగే చీలుతుంది. లోపలి ఒత్తిడి గొట్టం చుట్టుకొలతను సాగదీసే బలం, దాని పొడవును సాగదీసే బలానికి రెట్టింపు ఉంటుంది. అందుకే ముందు చుట్టుకొలత ఓడిపోతుంది, చీలిక నిలువుగా వస్తుంది. డబుల్ బ్యారెల్ తుపాకీ పట్టుకున్నవాడి ఎడమ చెయ్యి సరిగ్గా ఆ చీలిక వచ్చే చోటునే ఉంటుంది.

ఆ సాగదీతను ఆపేది గోడ మందమే. మందం సగమైతే లోహం మీద పడే లాగుడు దాదాపు రెట్టింపు. గొట్టం గోడ అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు. తూటా కూర్చునే వెనక భాగంలో ఒత్తిడి అత్యధికం కాబట్టి అక్కడ మందంగా, మూతి వైపు పోయేకొద్దీ పలచగా చేస్తారు. మంచి పాత తుపాకుల్లో ముందుభాగంలో గోడ మిల్లీమీటరు కంటే తక్కువే ఉంటుంది. తుపాకీ తేలిగ్గా, చేతిలో ఒదిగేలా ఉండాలని పనివాళ్ళు అలా చెక్కారు. అంత పలచటి చోట మిల్లీమీటరులో పదోవంతు పోయినా నష్టమే.

మెరుపు వెనక పోయినదేమిటి

ఇప్పుడు దుకాణంలోని మొదటి తుపాకీ దగ్గరికి వద్దాం. 70, 80 ఏళ్ళు వాడిన గొట్టం లోపల ఒక్క చుక్క కూడా లేకుండా మెరుస్తోందంటే సాధారణంగా రెండు వివరణలు. గత యజమానులంతా తరతరాలుగా దాన్ని శ్రద్ధగా కాపాడుకున్నారు. లేదా గుంటలు పడ్డ గొట్టాన్ని ఎవరో లోపల ఒరిపిడి పట్టించి, గుంటల అడుగు దాకా లోహాన్ని గీకేసి, మెరుగు పెట్టారు. రెండో పద్ధతిలో గుంటలు పోలేదు. గుంటల చుట్టూ ఉన్న మంచి లోహం పోయింది.

గుంటలున్న గొట్టం తన జబ్బును చెబుతుంది. గీకిన గొట్టం దాన్ని దాస్తుంది. మసక గొట్టంలో గోడ మందం తయారైనప్పటిలాగే ఉండి, గుంటలు పైపైనే ఉంటే అది ఇంకా చాలా ఏళ్ళు పనిచేస్తుంది. మెరిసే గొట్టంలో గోడ మొత్తం పలచబడి ఉండొచ్చు. ఏది ఏదో తేల్చేది కన్ను కాదు, కొలమానం.

కొలవాల్సినవి రెండు. గొట్టం లోపలి వ్యాసం, గోడ మందం. రెండింటికీ పరికరాలున్నాయి, తుపాకులు బాగుచేసే అనుభవమున్న ఆర్మరర్ దగ్గర అవి ఉంటాయి. లోపలి వ్యాసాన్ని దేనితో పోల్చాలో తుపాకీ మీదే రాసి ఉంటుంది. ఇంగ్లండులో అమ్మకానికి పెట్టే ప్రతి తుపాకీని ప్రూఫ్ హౌస్‌లో మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడినిచ్చే తూటాతో పేల్చి పరీక్షించాలి. లండన్ తుపాకీ పనివాళ్ళ సంఘానికి 1637లో రాజపత్రం వచ్చింది, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 చట్టంతో ఏర్పడింది. నెగ్గిన గొట్టం మీద ముద్ర కొట్టి, అప్పటి లోపలి వ్యాసాన్ని అంకెల్లో చెక్కుతారు. పాత బ్రిటిష్ పద్ధతిలో వెనక నుంచి 9 అంగుళాల దూరంలో కొలిచినప్పుడు ఆ అంకె కంటే అంగుళంలో నూరోవంతు, అంటే పావు మిల్లీమీటరు, పెరిగితే ఆ ముద్ర చెల్లదు. చెల్లని తుపాకీని అమ్మడం అక్కడ నేరం. మన దేశానికి దశాబ్దాల కిందట వచ్చిన ఇంగ్లిష్ తుపాకులను తర్వాత ఎవరైనా గీకినా ఆ పాత ముద్ర అలాగే ఉంటుంది. ముద్ర ఉందా అని చూడడం సగం పని. ముద్రలోని అంకె ఇవాళ్టి కొలతతో సరిపోతోందా అన్నది మిగతా సగం.

> 12 బోర్ అంటే ఎంత?
> ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుళ్ళుగా పోస్తే ఒక్కో గుండు వ్యాసం ఎంతో, ఆ గొట్టం లోపలి వ్యాసం అంత. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. 16 గుళ్ళు పోస్తే ఒక్కోటి చిన్నదవుతుంది కాబట్టి 16 బోర్ గొట్టం 12 బోర్ కంటే సన్నం. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. లైసెన్సుల మీద కనిపించే ఎస్‌బీబీఎల్, డీబీబీఎల్ అంటే వెనక నుంచి తూటా పెట్టే సింగిల్, డబుల్ బ్యారెల్ తుపాకులు. ఎస్‌బీఎంఎల్ అంటే మూతి నుంచి మందు దట్టించే సింగిల్ బ్యారెల్ తుపాకీ.

సరిపోయినట్టే కనిపించే తూటా

పాత 12 బోర్ తుపాకుల్లో ఇంకో ఉచ్చు ఉంది, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఒకప్పటి చాలా ఇంగ్లిష్ తుపాకుల్లో తూటా కూర్చునే గది పొడవు రెండున్నర అంగుళాలు, అంటే సుమారు 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఎక్కువగా వాడే తూటాలు 70 మిల్లీమీటర్లవి. 70 తూటా 65 గదిలో పట్టకపోతే ఏ గొడవా లేదు. కానీ పడుతుంది. తూటా మీద రాసిన 70 అనేది పేలి మూతి విచ్చుకున్న తర్వాతి పొడవు. పేలకముందు ఆ మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి తూటా పొట్టిగా ఉండి, పాత గదిలో హాయిగా కూర్చుంటుంది. మీట నొక్కగానే మడత విచ్చుకుంటుంది. విచ్చుకోడానికి గదిలో చోటు లేక, ముందున్న ఇరుకు భాగంలోకి చొచ్చుకుపోయి దారిని ఇంకా ఇరుకు చేస్తుంది. గుళ్ళు ఆ ఇరుకులోంచి పోవాలి, ఒత్తిడి పెరుగుతుంది. ఒకసారి పేలితే ఏమీ కాకపోవచ్చు. అదే పనిగా పేలుస్తూ పోతే లోహం అలిసిపోతుంది.

మొదటి రోజు బాగానే పేలింది కదా అనేది ఇక్కడ రుజువు కాదు. గది పొడవు కొలిపించుకోవాలి. తుపాకీ మీద ముద్రించిన అంకె చూడాలి. ముద్రలో పొగరాని మందుకు పరీక్షించిన గుర్తు లేకపోతే, ఆ గొట్టాన్ని నల్లమందు ఒత్తిడికే పరీక్షించారని అర్థం.

కన్ను, చెవి, చెయ్యి

పరికరాలు చేతికి రాకముందే పనికిరానివాటిని ఏరివేసే పరీక్షలు కొన్ని ఉన్నాయి. అన్నింటికంటే ముందు తుపాకీ ఖాళీగా ఉందని మీరే తెరిచి చూసుకోవాలి, అమ్మేవాడి మాట మీద కాదు.

గొట్టాన్ని విడదీసి, కిటికీ వైపు పెట్టి లోపలికి చూస్తూ నెమ్మదిగా తిప్పండి. కిటికీ అంచు నీడ లోపలి గోడ మీద తిన్నటి గీతగా పరుచుకుంటుంది. గొట్టం తిన్నగా ఉంటే ఆ గీత ఎక్కడా విరగదు. ఒకచోట ఉంగరంలా నల్లటి వలయం కనబడితే అది ఉబ్బు. ఎప్పుడో గొట్టంలో బురదో గుడ్డపేలికో అడ్డుపడగా పేల్చారు, అక్కడ లోహం సాగిపోయింది. సాగి పలచబడ్డ గోడకు పాత మందం తిరిగి రాదు. బయట వేలితో తడిమితే ఆ ఉబ్బు తగులుతుంది కూడా. అది చూశాక ఇక ధర గురించి మాట్లాడక్కర్లేదు.

డబుల్ బ్యారెల్ అయితే విడదీసిన గొట్టాలను కొక్కేనికి వేలాడదీసి వేలి కణుపుతో తట్టి వినాలి. రెండు గొట్టాలనూ కలిపే పట్టీలను తగరపు టంకంతో అతికిస్తారు. అతుకు గట్టిగా ఉంటే మొత్తం ఒకే వస్తువుగా కంపించి ఖంగున మోగి, మోత కాసేపు నిలుస్తుంది. అతుకు ఎక్కడైనా ఊడితే వదులైన అంచులు ఒకదానికొకటి రాసుకుని కంపనాన్ని మింగేస్తాయి, మొద్దు శబ్దం వస్తుంది. మొద్దు శబ్దం అంటే టంకం ఖర్చు ఒక్కటే కాదు. ఆ సందులోకి ఎన్నేళ్ళుగానో నీరు దిగి, బయటి నుంచి గోడను తింటూ ఉండొచ్చు. పట్టీ విప్పితే గానీ అది కనబడదు.

తర్వాత చెయ్యి. ముందున్న కర్ర భాగం తీసేసి, తుపాకీ మూసి, భుజానికి ఆనించే వెనక కర్ర పట్టుకుని కొద్దిగా ఊపాలి. గొట్టం కదిలితే కీలు అరిగింది. మూసిన తుపాకీని వెలుతురుకు ఎదురుగా పెట్టి, గొట్టం వెనక అంచుకూ దాని వెనకున్న ఉక్కు గోడకూ మధ్య చూడాలి. వెలుతురు గీత కనబడితే తూటా అడుగుకు ఆనిక లేదు. పేలినప్పుడు తూటా వెనక్కి సాగి చిట్లవచ్చు, వేడి వాయువు వెనక్కి, అంటే కళ్ళవైపు వస్తుంది. దీన్ని మంచి పనివాడు సరిచేయగలడు. ఆ ఖర్చు కనుక్కుని ధరలోంచి తగ్గించమనాలి.

ట్రిగ్గర్ మరీ తేలిగ్గా కదిలితే సంతోషించకూడదు. హ్యామర్‌ను పట్టి ఆపేది ఉక్కులో చెక్కిన చిన్న గాడి. అది అరిగినా, ట్రిగ్గర్ మెత్తబడాలని ఎవరైనా ఆకురాయితో రాసినా, తుపాకీ నేలకు తగిలిన అదురుకే పేలిపోవచ్చు. వేటకు పోయిన వాళ్ళకు ప్రమాదవశాత్తూ గుండు తగిలిందన్న వార్తలు చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఈ గాడే.

మంచి సరుకు బజారు నుంచి ఎందుకు తప్పుకుంటుంది

లోహం సంగతి ఇదైతే, ధర సంగతి చెప్పినవాడు అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఏకర్లాఫ్. పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని 1970లో ఆయన రాసిన వ్యాసం, అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియనప్పుడు బజారు ఎలా కుంగుతుందో చూపింది. 2001లో మరో ఇద్దరితో కలిసి ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఆయన వాదాన్ని తుపాకులకు అన్వయించి చూద్దాం. పది పాత తుపాకులు అమ్మకానికొచ్చాయనుకోండి. ఐదు మంచివి, ఒక్కోటి 80 వేలు చేస్తుంది. ఐదు లోపమున్నవి, 20 వేలు చేస్తాయి. ఏది ఏదో కొనేవాడికి తెలియదు. తెలివైనవాడు సగటు లెక్కేసి 50 వేలకు మించి ఇవ్వనంటాడు. అప్పుడు 80 వేల సరుకున్నవాడు అమ్మడం మానేసి ఇంటికి పోతాడు. 20 వేల సరుకున్నవాడు సంతోషంగా నిలబడతాడు. అంటే 50 వేలకు దొరికేవన్నీ 20 వేలవే. సగటు ధర అన్న ఆలోచనే మంచి సరుకును తరిమేసింది.

ఇందులోంచి కొనేవాడు నేర్చుకోవలసినది ఒకటుంది. తక్కువ ధర చెప్పగానే అడగాల్సిన ప్రశ్న "ఇంకెంత తగ్గిస్తారు?" కాదు, "మంచిదైతే ఇంటికి పట్టుకుపోవలసినవాడు ఎందుకు పోలేదు?" అని. దానికి నమ్మదగిన జవాబు దొరికితే అది బేరం. దొరక్కపోతే లోపం మీకింకా కనబడలేదని అర్థం. కొలతలకు ఒప్పుకోని అమ్మకందారు సగం జవాబు చెప్పేసినట్టే. మంచి సరుకున్నవాడికి కొలిపించడం లాభం, ఎందుకంటే కొలత ఒక్కటే అతన్ని ఆ సగటులోంచి బయటపడేస్తుంది.

మన దేశంలో దీనికి ఇంకో మెలిక పడింది. 1980ల మధ్య నుంచి సాధారణ పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. దాంతో అప్పటికే దేశంలో ఉన్న ఇంగ్లిష్, జర్మన్ తుపాకులే చేతులు మారుతున్నాయి. సంఖ్య పెరగదు, గిరాకీ పోదు. కంపెనీ పేరుకే సగం ధర పలుకుతుంది. పేరున్న తుపాకీ ధర తక్కువగా ఉంటే మరింత జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఆ పేరు తెలియని అమ్మకందారు ఇవాళ దాదాపు లేడు.

నిజంగా చవకయ్యేది ఎప్పుడు

మంచి తుపాకీ ఉన్నవాడు తక్కువకు అమ్మే సందర్భాలు లేకపోలేదు, వాటిలో ఎక్కువ చట్టం పుట్టించినవే.

1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు మనిషికి ఇస్తారు. ఆ మనిషి చనిపోతే తుపాకీ ఇంట్లో ఉంచుకోవడం చట్టవిరుద్ధమవుతుంది. 21వ సెక్షన్ ప్రకారం వారసులు దాన్ని పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ జమ చేయాలి. తమ పేర లైసెన్సు కోరే దారి 2016 నాటి నిబంధనల్లో వారసులకు ఉంది. అక్కర్లేదనుకున్నవాళ్ళు అమ్మేస్తారు. డీలరు దగ్గర ఉన్నన్నాళ్ళూ అద్దె పెరుగుతూ పోతుంది. తాత ఎంతో శ్రద్ధగా చూసుకున్న తుపాకీ, దాని మీద ఆసక్తి లేని మనవడి చేతిలో చవకవుతుంది. 2019 సవరణ ఒక లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, మూడోదాన్ని ఏడాదిలోగా జమ చేయమంది. అప్పుడు బయటికొచ్చిన మూడో తుపాకులు లోపమున్నవని కాదు, చట్టం లెక్కకు మించినవి, అంతే. "ఎందుకు అమ్ముతున్నారు?" అన్న ప్రశ్నకు ఇలాంటి జవాబు కాగితంతో సహా వస్తే చెవి ఒగ్గాలి.

బేరం కనబడింది కదా అని అప్పటికప్పుడు డబ్బిచ్చి తుపాకీ భుజాన వేసుకోవడం మాత్రం కుదరదు. కొనేవాడికి ముందు జిల్లా మెజిస్ట్రేటు ఇచ్చిన లైసెన్సు ఉండాలి. లంబసింగివాసికైతే అది పాడేరులోని అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టరు కార్యాలయం పని. 2022 ఏప్రిల్ దాకా అది విశాఖ జిల్లా కాబట్టి పాత లైసెన్సుల మీద విశాఖపట్నం పేరే ఉంటుంది. వ్యక్తి నుంచి వ్యక్తికి నేరుగా అమ్మేటప్పుడు 5వ సెక్షన్ ఇంకో మెట్టు పెట్టింది. ఏ తుపాకీ, ఎవరికి అమ్ముతున్నాడో అమ్మేవాడు మెజిస్ట్రేటుకు గానీ దగ్గరి స్టేషన్ అధికారికి గానీ రాసివ్వాలి, ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి.

చాలామంది ఈ 45 రోజులను అడ్డంకి అనుకుంటారు. నా లెక్కలో కొనేవాడికి ఇంతకంటే మేలు చేసిన నిబంధన లేదు. "ఇవాళే తేల్చండి, సాయంత్రం ఇంకొకాయన వస్తున్నాడు" అనే ఒత్తిడికి ఇక్కడ చోటే లేదు. ఆ వ్యవధిలో గొట్టం కొలిపించవచ్చు, గది పొడవు చూపించవచ్చు, మరమ్మతు ఖర్చు కనుక్కోవచ్చు. ధర గురించి మాట ఇచ్చేటప్పుడే కొలతలు ముద్రలతో సరిపోవాలన్న షరతు పెట్టుకుంటే సరి.

ఇంకా ఒకటి సరిపోవాలి, నంబరు. తుపాకీ మీది తయారీ నంబరు, అమ్మేవాడి లైసెన్సులో రాసిన నంబరు అంకె పొల్లుపోకుండా ఒకటి కావాలి. నంబరు చెరిపేసిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే, వాళ్ళే చెరిపారని 8వ సెక్షన్ అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసిన భారం పట్టుబడ్డవాళ్ళదే. గొట్టం ఎంత బాగున్నా, ధర ఎంత తక్కువైనా, నంబరు మీద ఆకురాయి గీతలు కనబడితే అక్కడితో ఆగిపోవాలి.

26 తుపాకులు, కరిగిపోయిన తూటాలు

తుపాకీ విలువ తుపాకీలోనే లేదని ఈ కొండలకు వందేళ్ళ కిందటే తెలిసింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, కూలీల కష్టాన్ని దోచుకున్నాడు. ఆ కోపం అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి మన్యం వీరులు తెచ్చుకున్నవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. లెక్కేస్తే ఒక్కో తుపాకీకి వందలోపే. మూతి నుంచి మందు దట్టించే పాత తుపాకీకి మందు, గుండు ఊళ్ళో సమకూర్చుకోవచ్చు. పోలీసు తుపాకీకి దాని కొలతకు చేసిన తూటాయే కావాలి, అది సర్కారు దగ్గర తప్ప దొరకదు. కొల్లగొట్టిన మంచి తుపాకీ ఆయుష్షును నిర్ణయించింది తూటాల పెట్టె.

ఇవాళ లైసెన్సుతో కొనేవాడి లెక్కలోనూ ఇదే ఉండాలి. 12 బోర్ తూటాలు పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీలో తయారై దుకాణాలకు వస్తాయి. 16 బోర్, కొన్ని పాత విదేశీ రైఫిళ్ళ తూటాలు అంత తేలిగ్గా దొరకవు. అలాంటి తుపాకీ సగం ధరకే వచ్చిందంటే ఆ మిగతా సగం తూటాల కోసం తిరగడంలో పోతుంది. కొనేముందు ఆ దుకాణంలోనే దాని తూటాలు ఎన్ని ఉన్నాయో చూపించమని అడిగితే సందేహం తీరిపోతుంది.

> మూతి నుంచి దట్టించే పాత తుపాకీ దొరికితే
> అటక మీదో దూలంలోనో దొరికిన ఎస్‌బీఎంఎల్ తుపాకీలో ఎన్నేళ్ళ కిందటో దట్టించిన మందు అలాగే ఉండొచ్చు. తడిసిన నల్లమందు ఆరితే మళ్ళీ అంటుకోగలదు. గొట్టం మూతి ఎవరి వైపూ లేకుండా పక్కకు పెట్టి, ఒక కర్రపుల్లను లోపలికి ఆగేదాకా మెల్లగా దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టాలి. పుల్లను తీసి గొట్టం పక్కన అదే పొడవున ఆనించాలి. పుల్ల చివర నిప్పు రంధ్రం దాకా చేరితే లోపల ఖాళీ. కొన్ని వేళ్ళ దూరంలో ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. గుచ్చకండి, వేడి చేయకండి, క్యాప్ పెట్టి చూడకండి. అక్కడే ఉంచి పోలీసులకు కబురు చేయండి.

అన్నిటికంటే చవకైనది

కొండల్లో అన్నిటికంటే తక్కువ ధరకు వినబడేది నాటు తుపాకీ. పైన చెప్పిన పరీక్షలన్నిటికీ అది బయటే నిలబడుతుంది. గొట్టం ఎక్కడి పైపో, ఏ ఉక్కో తెలియదు. దాన్ని ఎక్కువ ఒత్తిడితో పరీక్షించినవాడు లేడు. ముద్ర లేదు, అంకె లేదు, పోల్చడానికి కొలత లేదు. నీళ్ళ కోసం చేసిన పైపుకు నిలువునా అతుకు ఉండొచ్చు. చుట్టుకొలతను సాగదీసే బలం వెతికేది సరిగ్గా అలాంటి గీతనే. వెనక బిగించిన బిరడా కింద మసి, తేమ చేరి మర గాడిని తింటుంది. అది ఊడితే గుండు కంటే ముందు బిరడా వస్తుంది, వచ్చేది కాల్చేవాడి ముఖం వైపు.

చట్టపరంగా దానికి మందే లేదు. తయారీదారు గుర్తు, నంబరు లేని తుపాకీని లైసెన్సులోకి ఎక్కించే దారి కొనేవాడికి ఉండదు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత రెండేళ్ళకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా జైలు. కర్ణాటకలోని కొడగులో కొన్ని వర్గాల ప్రజలకు లైసెన్సు నుంచి ప్రత్యేక మినహాయింపు ఉంది, తూర్పు కనుమల గిరిజనులకు అలాంటిది లేదు. పంట కాపాడుకోవాలన్న అవసరం ఇద్దరిదీ ఒకటే కదా అని నాకనిపిస్తుంది, అయినా చట్టం ఇవాళ చెబుతున్నది ఇదే. పంటల రక్షణ కోసం తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే వీలు మాత్రం 2016 నిబంధనల్లో ఉంది. లైసెన్సుతో ఉంచుకున్నా అడవిపందిని కాల్చడానికి అటవీశాఖ అనుమతి విడిగా కావాలి.

ఏజెన్సీ గ్రామాల్లో నాటు తుపాకులను స్వచ్ఛందంగా అప్పగించమని పోలీసులు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. ఇంట్లో అలాంటిది ఉన్నవాళ్ళు ఊరిపెద్దను, సర్పంచిని వెంటబెట్టుకుని, గొట్టం ఖాళీ అని పైన చెప్పినట్టు తేలితేనే స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోవడం మంచిది.